గొట్టం మింగనన్న మనిషి

“నలుపంటే ఎంత నలుపు?” అడిగింది డాక్టర్ తెన్మొళి.

సోలైమలై నోరు తెరిచేలోపే భార్య పేచ్చియమ్మాళ్ అందుకుంది. “తారు నలుపమ్మా! రెండు రోజులనుంచీ అంతే. నా తాళి మీ చేతిలో ఉంది.”

“ఊరుకోవే, ఆసుపత్రంతా వింటోంది,” అన్నాడతను.

అతనికి లివరు గట్టిపడి మూడేళ్లయింది. రక్తం అందులోకి పోలేక వెనక్కి తన్ని, కడుపు లోపలి పొర ఉబ్బుతుందనీ, చెమ్మగిల్లినట్టు రక్తం కారుస్తుందనీ, విరేచనం నల్లగా అయితే పరుగెత్తుకు రమ్మనీ డాక్టరు అప్పుడే చెప్పింది. ఆర్నెల్లకోసారి నోట్లోంచి కడుపులోకి గొట్టం వేసి చూడాలంది కూడా. దానికి మాత్రం అతను ససేమిరా అన్నాడు. మదురై పూలబజారులో పక్క కొట్టు ఇరుళప్పన్ గొట్టం మింగిన వారానికే పోయాడు మరి! పేచ్చియమ్మాళ్ రెండేళ్లు పోరింది. ఈ నెల ఎందుకో ఆ మాటే ఎత్తలేదు. హమ్మయ్య, విసిగి ఊరుకుందనుకున్నాడు.

ఇప్పుడు చావుభయం ముందు గొట్టం ఏపాటి? మారుమాట్లాడకుండా మింగాడు.

గంట తర్వాత డాక్టరు ఇద్దర్నీ పిలిచింది. “కడుపు పొర పాముచర్మంలా గళ్లుపడి ఉబ్బింది గాని, చుక్క రక్తం కారడం లేదు. అసలు గండం పైన, అన్నవాహికలో ఉంది. ఒక రక్తనాళం ఉబ్బి పగలడానికి సిద్ధంగా ఉంటే రబ్బరు బిగించి కట్టేశాను. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే నా చేతికందేవారు కాదు.”

“మరి ఆ నలుపు?”

“ఏం తిన్నారు?”

“మేకరక్తం వేపుడు. ఒంట్లో రక్తం తగ్గిందని మూడ్రోజులు వరసగా పెట్టింది.”

డాక్టరు నెత్తి కొట్టుకుంది. “అది తింటే ఎవరికైనా నల్లగానే అవుతుంది! రక్తం తింటే రక్తం పట్టదమ్మా.”

పేచ్చియమ్మాళ్ తల వంచుకుంది.

బయటికి రాగానే సోలైమలైకి ప్రాణం లేచొచ్చింది. రెండు రోజుల తర్వాత మొదటిసారి పగలబడి నవ్వాడు. “నీ తెలివి తెల్లారినట్టే ఉందే! వంటతో నన్ను హడలగొట్టి చంపావు. ఇంకోసారి ఆ వేపుడు వండావంటే చూడు!”

“ఆర్నెల్లకి పిలవగానే గొట్టానికొస్తే వండను, మావా.”