నీళ్ల కోసం వచ్చినవాడు

గోడ మీది కుర్రాడు కరుణమ్మనే చూస్తున్నాడు.

బిందె పక్కన ఒరిగిపోయాడు. ఏదో అడగబోతున్నట్టు పెదాలు విచ్చుకున్నాయి. మజ్జిగ గ్లాసుల పళ్లెంతో ఆమె గోడకి ఇంకా దగ్గరగా వెళ్లింది. ఆ పెదాలు ఆమెకు తెలుసు. అవి తన కొడుకు మోజెస్‌వి.

చోడవరంలో కరుణమ్మ ఇంటి ఎదురుగానే కాలేజీ ప్రహరీ. కొందరు విద్యార్థులు కలిసి దాని మీద పాత కావ్యంలోని కథ ఒకటి బొమ్మలుగా వేస్తున్నారు. ఒకరు అడవి, ఒకరు ఏరు, ఒకరు రాజు. కథేమిటో గౌతమి అనే అమ్మాయి ఆమెకు చెప్పింది. ఓ రాజు చీకట్లో ఏదో జంతువనుకుని బాణం వేశాడట. అది తగిలింది అమ్మానాన్నల కోసం నీళ్లు ముంచుకుంటున్న కుర్రాడికట.

ఆ కుర్రాణ్ని వేసినవాడు సూర్యతేజ. ఈ కథే వేద్దామని పట్టుబట్టిందీ అతనేనట. మాటలు తక్కువ. కరుణమ్మ మజ్జిగ ఇస్తే తలెత్తకుండా తాగేవాడు.

“మావోణ్ని నువ్వెక్కడ సూసేవు బాబూ?” అని అడిగింది.

“సూళ్లేదమ్మా. ఊహించి ఏసేను.”

నిజమే అనుకుంది. అనకాపల్లి నుంచి వచ్చి చదువుకుంటున్న పిల్లాడు. మోజెస్ పోయి రెండేళ్లు.

ఆనాటి నుంచి ఆమెకు వీధి కిటికీ మూయబుద్ధి కాలేదు. తెరిచి ఉంచితే గుండె నిలవలేదు. బస్సుల వెలుగు గోడ మీద పడినప్పుడల్లా ఆ పెదాలు కదిలినట్టుండేది. అన్నం ముందు కూర్చుంటే ‘అమ్మా, నీళ్లు’ అని వినబడేది. చచ్చినవాళ్లు అలా రారని భర్త ఏసుపాదం మందలించాడు. తీరా తానే వెళ్లి ఆ బొమ్మ చూసి, వీధిలోనే కూలబడిపోయాడు.

కొడుకు ఈ పిల్లాడి చేతిలోంచి తిరిగొచ్చాడని కరుణమ్మకు నమ్మకం కుదిరింది. చేపల పులుసు వండి సూర్యతేజను ఇంటికి పిలిచింది. పక్కన కూర్చుని కొసరి కొసరి వడ్డించింది. అతనికి ముద్ద దిగలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తల్లి లేని బిడ్డేమోనని ఆమె అతని తల నిమిరింది.

బొమ్మలు పూర్తయిన రోజు ఏసుపాదం ఇంట్లోంచి మోజెస్ ఫొటో తెచ్చి గోడకి ఆనించి పట్టుకున్నాడు. పిల్లలంతా చుట్టూ మూగారు. అదే ముక్కు, అదే గడ్డం, అవే కళ్లు. గౌతమికి మాత్రం ఒక తేడా కనిపించింది.

“ఒరే సూర్యా, ఫొటోలో కనుబొమ్మ మీద ఈ గాటు లేదు. సెరిపెయ్యరా.”

సూర్యతేజ కుంచె అందుకోలేదు. ఏసుపాదం చేతిలోని ఫొటో మెల్లగా కిందికి దిగింది. కరుణమ్మ సూర్యతేజ ముఖంలోకి చూసింది.

మోజెస్‌కి బతికున్నన్నాళ్లూ ఆ గాటు లేదు. మంచు కమ్మిన ఆ వేకువన గోవాడ దారిలో వాణ్ని గుద్ది, రోడ్డు మీదే వదిలేసి పోయిన కారు పెట్టిందది.