ఒక్క ర్యాంకు ముందు

"మీకు పోటీ వేలమందితో కాదండీ. ఒక్కరితోనే," అన్నాడు ఉపేంద్ర.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో లైను పక్క సందులో, చెప్పుల దుకాణం పైన అతని ఆఫీసు. ఎంబీబీఎస్ అయినవాళ్లకు ర్యాంకును బట్టి ఏ పీజీ సీటు వస్తుందో లెక్క కట్టి చెప్పడం అతని పని.

డాక్టర్ తన్మయి కుర్చీ ముందుకు జరుపుకుంది. పక్కన తల్లి భారతమ్మ.

"ఇది ఆఖరి రౌండు. గవర్నమెంటులో గైనిక్ సీటు ఒక్కటే మిగిలింది. మీకన్నా ముందున్నవాళ్లలో ఇంకా సీటు తీసుకోనిది ఒక్కరే. నాకు తెలిసి ఆవిడా గైనిక్కే పెట్టారు. ఐదింటిలోపు ఆవిడ ఆప్షన్ మార్చుకుంటే సీటు మీది."

"మార్చుకోకుంటే?"

"మళ్లీ వచ్చే ఏడు పరీక్షేనండీ."

ఆప్షన్ల కాగితం ప్రింటు తీసి ఇస్తానని, బయట కూర్చోమన్నాడు.

బయట బెంచీ మీద ఒకామె ఉంది. నలభై దాటి ఉంటాయి. నేత చీర, ఒళ్లో ఫైలు.

భారతమ్మ కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"గామె ఎవరో గని, నా బిడ్డ నోట్ల మన్ను కొట్టెటట్టున్నది."

"అమ్మా! మెల్లగ."

"ఏం తప్పన్న? జర పక్కకు జరిగితే ఆమె సొమ్మేం పోతది?"

బెంచీ మీది ఆమె నవ్వింది. "ఎవరమ్మా?"

భారతమ్మ అంతా చెప్పింది. ఒక్క సీటు, ఒక్క మనిషి అడ్డం.

"మీరు గూడ బిడ్డ కోసమే ఒచ్చిన్రా?"

ఆమె ఏదో చెప్పబోయింది. భారతమ్మ ఆగితే కదా!

"ఏ బిడ్డకైనా గిదే పరేషాన్ తల్లీ! మా ఆయనకైతే రెండు రోజుల సంది అన్నం సయిస్తలేదు."

బెంచీ మీదామె తన్మయి వైపు తిరిగింది.

"గైనిక్కే ఎందుకు బిడ్డా? నిద్రుండది, పండుగుండది. వేరేది తీసుకోరాదు?"

ఈ ప్రశ్న అడగని చుట్టం లేడు. తన్మయికి విసుగొచ్చింది.

"మీకు చెప్తే అర్థం కాదాంటీ."

"చెప్పు. అయినకాడికి అర్థం చేసుకుంట."

తన్మయి చేతులు చూసుకుంది.

"పోయిన వానాకాలం ఊరి దవాఖానలో పనిచేస్తుంటి. ఒకామెకు కాన్పయినంక రక్తం ఆగలేదు. పెద్ద డాక్టరు లేడు. గర్భసంచిని పిడికిలితో అదిమి పట్టుకొని అంబులెన్సులో కూర్చున్న. అట్లనే జిల్లా ఆస్పత్రి దాకా పోయినం."

"ఎంతసేపు?"

"గంటంబావు."

"చెయ్యి తిమ్మిరెక్కలేదా?"

"ఎక్కింది. తీస్తే ఆమె పోతుండె."

"బతికిందా?"

"బతికింది. నా చెయ్యే రెండు రోజులు నాది కాదు." తన్మయి మొదటిసారి నవ్వింది. "గా పొద్దు నుంచి ఇంకో పని చెయ్యబుద్ధి కాలేదాంటీ."

ఆమె ఫైలు మీద అరచెయ్యి ఆనించి, దాన్నే చూస్తూ కూర్చుంది.

"రండి మేడం," లోపలినుంచి ఉపేంద్ర పిలిచాడు.

ఆమె లోపలికి వెళ్లింది. తలుపు దగ్గరికి వేసి ఉంది. "ఇంకోసారి ఆలోచించుకోండి" అని ఉపేంద్ర అనడం మాత్రం వినిపించింది.

ఆమె బయటికొచ్చేసరికి నాలుగున్నర.

"అయిందా? ఏం పెట్టిన్రు?" భారతమ్మ లేచి నిలబడింది.

"మత్తు డాక్టరు కోర్సు."

"అయితే మీరు మాకు పోటీ కాదన్నట్టు!"

"కాదమ్మా."

తన్మయి చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలి, ఆమె మెట్లు దిగిపోయింది.

మూడో రోజు పొద్దున లిస్టు వచ్చింది. తన్మయికి గైనిక్!

భారతమ్మ ఏడ్చింది, నవ్వింది, ఇరుగుపొరుగును పిలిచింది. మధ్యాహ్నానికి ఎల్‌బీ నగర్‌లో మిఠాయి కొని, కూతుర్ని వెంటబెట్టుకుని ఉపేంద్ర ఆఫీసు మెట్లెక్కింది.

"ముందున్నామె ఆప్షన్ మార్చుకున్నదన్నట్టు. ఎవరో గని, కడుపు సల్లగుండ! నేనేమో నోటికొచ్చినట్టు తిడితి."

ఉపేంద్ర మిఠాయి అందుకున్నాడు గానీ నోట్లో వేసుకోలేదు.

"ఇంకో డబ్బా గూడ తెచ్చిన. ఆ పొద్దు బెంచీ మీద కూసున్న అమ్మకు. వాళ్ల బిడ్డకు మత్తు డాక్టరు సీటు ఒచ్చిందా?"

"వచ్చిందండీ. పొద్దున్నే ఆదిలాబాద్ బస్సెక్కారు, చేరడానికి."

"నంబరియ్యండి సార్. నేను మాట్లాడుత," అంది తన్మయి. "ఆ రోజు జర దురుసుగ మాట్లాడిన."

"ఎవరికీ ఇవ్వొద్దన్నారండీ."

"పోనీ, వాళ్ల బిడ్డ పేరన్న చెప్పున్రి," అంది భారతమ్మ.

ఉపేంద్ర లిస్టును వాళ్ల వైపు తిప్పాడు. తన్మయి పేరుకు సరిగ్గా పై వరుసలో వేలు పెట్టాడు.

"బిడ్డ ఎవరూ లేరమ్మా. గైనిక్ కోసమే ఐదేళ్లుగా పరీక్ష రాస్తున్న డాక్టర్ స్వప్న, ఆవిడే."