బుగ్గలో కుట్లు

"ముందు నోట్లో ఉన్న గుండుసూదులు తియ్యండి," అంది డాక్టరమ్మ.

టైలరు ఒక్కొక్కటే తీసి ట్రేలో పెట్టాడు. ఏడు. నలభై ఏళ్ల అలవాటు. ఆయన ఆవలిస్తే ఎదురుగా ఉన్నవాళ్లు కళ్లకి చేతులడ్డం పెట్టుకుంటారని వీధిలో చెప్పుకుంటారు.

"ఇంకా వెతకండమ్మా. పై దవడ వెనకాల ఒకటి దాస్తాడు," అంది పక్కనే నిలబడ్డ భార్య.

ఎనిమిదోది కూడా బయటికొచ్చింది.

కుడి బుగ్గ లోపల తెల్లటి మచ్చ. మూడు నెలలైనా పోలేదు. చిన్న ముక్క కోసి పరీక్షకి పంపితే అది మామూలు మచ్చో, ఇంట్లో ఇద్దరూ పేరెత్తకుండా తిరుగుతున్న ఆ జబ్బో తేలిపోతుంది.

"రక్తం పల్చబడే మాత్రలేమైనా వాడతారా?"

"ఏ మాత్రా లేదమ్మా. కోపం ఒక్కటే, పూటకోసారి," అంది భార్య.

"తినేసి వచ్చారా? తర్వాత మత్తు దిగేదాకా ఏమీ తినకూడదు."

"టిఫిను పెట్టాను, భోజనం పెట్టాను, బయల్దేరేముందు మళ్లీ టిఫిను పెట్టాను."

టైలరు కుర్చీలో వెనక్కి వాలాడు. వాలక తప్పలేదు, పొట్ట ముందుకి వంగనివ్వడం లేదు. "ఎంత ముక్క కోస్తారమ్మా?"

"బియ్యపు గింజంత."

"స్ట్రెయిట్ కటింగా, క్రాసా?"

"కదలకుండా కూర్చుంటే స్ట్రెయిటే."

మత్తు సూది దిగింది. నలభై ఏళ్లుగా వేళ్లలో లక్ష సూదులు గుచ్చుకున్నా కిక్కురుమనని మనిషి, భార్య చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే ఆమె అయిదు వేళ్లూ కలిసి ఒకటే అయిపోయాయి. ఆమె మాత్రం చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

పది నిమిషాల్లో పనైపోయింది. "రెండు కుట్లు వేశాను. కరిగిపోయే దారం, వాటంతటవే పోతాయి. ఇవాళ పుక్కిలించొద్దు, రేపట్నుంచి ఉప్పునీళ్లు. వేడివీ, కారం, గట్టివీ వద్దు. వేలు పెట్టి కెలకొద్దు. పదో రోజు రండి, రిపోర్టు కూడా వస్తుంది."

టైలరు తిన్నగా చేతులు కడుక్కునేచోట అద్దం దగ్గరికెళ్లి, బుగ్గ పక్కకి లాగి చూసుకున్నాడు. మొహం మాడిపోయింది.

"ఇఫీ ఓ కుఫ్ఫేనా?" అన్నాడు బయటికొచ్చి.

బుగ్గ మొద్దుబారి మాట తిరగడం లేదు. అయినా భార్యకి ప్రతి అక్షరం అర్థమైంది. నోట్లో సూదులు పెట్టుకుని మాట్లాడే మనిషితో నలభై ఏళ్లు కాపురం చేసింది మరి.

కుట్టుకీ కుట్టుకీ మధ్య ఎద్దులబండి పోవచ్చన్నాడు. తన కొట్లో ఎవరైనా ఇలా కుడితే సాయంత్రానికి ఇంటికి పంపేసేవాణ్ణన్నాడు. బస్సులో కండక్టరుకి నోరు తెరిచి చూపించాడు. దిగాక పండ్లబండివాడికి చూపించాడు. అతను బేరాలన్నీ పక్కనపెట్టి మరీ చూసి, "గ్యాపు ఎక్కువే మావయ్యా," అన్నాడు.

"చూఫావా?" అన్నాడు టైలరు భార్యతో. ఆమె కూడా వంగి బుగ్గలోకి తొంగి చూసింది.

కొట్టుకి రాగానే కత్తిరింపుల బల్ల పక్కన కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోయాడు. రాత్రంతా రిపోర్టు గురించి దొర్లాడేమో, ఆ నిద్రలో నోట్లోంచి లారీ వెళ్లి వచ్చినా తెలిసేది కాదు.

లేచేసరికి కొట్లో అద్దాలు లేవు. ట్రయల్ రూములోది కూడా గోడవైపు తిరిగి ఉంది.

"ఏవే అద్దాలు?"

"చూసుకుంటే వేలు పెడతావు. పది రోజులు అద్దం లేదు."

"మరి బట్టలు వేసుకుని చూసుకునేవాళ్లు?"

"బాగున్నాయని నేను చెబుతా."

ఆ పది రోజులూ ఆమె కొట్లో గుండీలు కుట్టే పని కూడా పక్కనపెట్టింది. గంజి చల్లార్చి చెంచాతో పట్టేది. ఉప్పునీళ్ల గ్లాసు పట్టుకుని వెంటపడేది. పూటకోసారి టార్చి వేసి నోట్లోకి చూసేది.

"ఏముందే అంత చూడ్డానికి?"

"పళ్లు లెక్కపెడుతున్నా. నోరు పెద్దగా తెరువు."

అయిదో రోజు అతను గంజి మధ్యలో ఆగాడు. "ఇదిగో... ఒకవేళ ఆ రిపోర్టులో..."

"నోరు మూసుకో. కుట్లు ఊడతాయి," అంది. చెంచాలో గంజి సగం అతని చొక్కా మీద పడింది. అతను చూడనట్టే చొక్కా తుడుచుకున్నాడు.

పదో రోజు డాక్టరమ్మ కాగితం తీసింది.

"భయపడే జబ్బేమీ లేదు. సూదుల రాపిడికి వచ్చిన మచ్చ, అంతే. ఇకమీదట నోట్లో సూదులు పెట్టొద్దు."

భార్య అక్కడే స్టూలు మీద కూలబడి పైటకొంగు నోటికడ్డం పెట్టుకుంది. టైలరుకి నవ్వాలో ఏడవాలో తెలియక, డాక్టరమ్మ తెల్లకోటు చేతులు పొడుగయ్యాయని, పంపిస్తే ఊరికే సరిచేసి ఇస్తానని చెప్పాడు.

"అలాగే. ఏదీ, ఒకసారి నోరు తెరవండి."

లైటు వేసి చూసింది. లైటు దగ్గరికి జరిపి మళ్లీ చూసింది. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"నేను వేసిన రెండు కుట్లూ కరిగిపోయాయి," అంది మెల్లిగా. "మరి మధ్యలో ఈ నీలం రంగు కుట్టు ఎవరు వేశారు?"

టైలరు తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి, కళ్లు మాత్రం భార్యవైపు తిప్పాడు.

ఆమె తల దించుకుంది. "ఆ రోజు మత్తు దిగకముందే, సూది మరగబెట్టి మరీ వేశానమ్మా... గుండీల దారం, ఇంకో నలభై ఏళ్లు ఊడదు."