ఒక్క ముద్రా లేని పుస్తకం

“ఇదొక్కటీ వదిలెయ్యమ్మా,” అన్నాడు అంకారావు, బల్ల మీదున్న పాత పుస్తకాల దొంతర మీద చెయ్యి వేసి.

దొంతరకు పురికొస చుట్టబోతున్న కరుణశ్రీ తలెత్తింది. తిరువూరు లైబ్రరీకి ఆమె బదిలీ మీద వచ్చి మూడు నెలలైంది. “ఏ పుస్తకం సార్?”

“గిలక చప్పుడు. దెయ్యాల నవల. రాసింది నేనే.”

ఆమె చప్పున లేచి కుర్చీ లాగింది. “మీరేనా సార్! కూర్చోండి.” మర్యాద చేసింది గానీ పుస్తకాన్ని మాత్రం దొంతరలోంచి తియ్యలేదు. “పదేళ్ళుగా ఎవరూ తీసుకెళ్ళని పుస్తకాలన్నీ తీసెయ్యమని ఆర్డరొచ్చింది సార్. కొత్తవాటికి చోటు లేదు.”

“ఇంకెక్కడా కాపీ లేదు తల్లీ. నా దగ్గరున్నవి చదివి ఇచ్చేస్తామని పట్టుకెళ్ళినవాళ్ళు మళ్ళీ మొహం చూపిస్తే ఒట్టు. ఇది కూడా పోతే ఆ నవల రాశానని చెప్పుకోవడానికి నేనొక్కణ్ణే మిగుల్తాను.”

“నాకు మాత్రం ఇష్టమా సార్? మీరే చూడండి.”

ఆమె వెనకట్ట తెరిచి చూపించింది. లోపల అంటించిన చీటీ ఉంది. పుస్తకం ఎవరైనా ఇంటికి రాయించుకున్నప్పుడల్లా దాని మీద తేదీ ముద్ర పడాలి. లైబ్రరీకి ఆ పుస్తకం వచ్చి ముప్పై అయిదేళ్ళు. చీటీ పసుపురంగుకి తిరిగింది తప్ప ఒక్క ముద్రా లేదు.

“మామిడి తెగుళ్ళ పుస్తకాన్నైనా ముగ్గురు తీసుకెళ్ళారు సార్,” అని నాలిక్కరుచుకుంది కరుణశ్రీ.

అంకారావు నవ్వేశాడు. “తెగుళ్ళు నిజంగా ఉంటాయి గదమ్మా! దెయ్యాలు ఉండవుగా.” పుస్తకం వెనకట్ట తనే మూశాడు. “ఇది వారపత్రికలో సీరియల్‌గా వచ్చినన్నాళ్ళూ, పత్రిక వచ్చే గురువారం నాడు బస్టాండు వైపు వెళ్ళాలంటే నాకు హడలు.”

“మీకు హడలేంటి సార్?”

“దెయ్యాలకి కాదు, చదివేవాళ్ళకి! విస్సన్నపేట బస్సులో జోజప్ప అని కండక్టరుండేవాడు. నన్ను చూశాడా, ‘ఆ నూతి మీద గిలక తిప్పేదెవరో చెప్పండి మాస్టారూ, చెప్తేనే రైట్ చెప్తా’ అని బస్సు ఆపేసేవాడు. బస్సులో జనం తిట్టాలా వద్దా? వాళ్ళూ కిటికీల్లోంచి తలలు బయటపెట్టి ‘చెప్పండి, చెప్పండి’ అనేవాళ్ళు.”

“మరి చెప్పేవారా?”

“నాకు తెలిస్తే గదా! ఏ వారం సంగతి ఆ వారమే రాసేవాణ్ణి.”

కరుణశ్రీ పకపకా నవ్వింది. అంకారావూ నవ్వాడు గానీ, ఆమె కంటే ముందే ఆగిపోయాడు. పెనుగొలనులో ఒక పెళ్ళి భోజనాల దగ్గర, పప్పు గరిటె విస్తరి మీద ఎత్తిపట్టుకుని ‘ఆ పిల్ల బతుకుద్దా లేదా? చెప్తేనే వడ్డిస్తా’ అని నిలదీసిన ఆవిడ గుర్తొచ్చింది. ఆ రోజు పప్పు చల్లారిపోయింది.

“తర్వాత టీవీలొచ్చాయి, ఫోన్లొచ్చాయి. దెయ్యాలన్నీ వాటిల్లోకి వెళ్ళిపోయాయి. వాటి వెనకాల నేను వెళ్ళలేకపోయానమ్మా,” అన్నాడు. “పూలమ్మిన చోట కట్టెలమ్మడం కష్టమంటారు. కష్టమే. అయినా ఒకప్పుడు పూలమ్మిన మాట అబద్ధం కాదుగా? అది చాల్లే. నువ్వు కట్టేసుకో.”

కరుణశ్రీ పురికొస పక్కన పెట్టింది. “కట్టలో వెయ్యను సార్. మీరే తీసుకెళ్ళండి. తీసేసిన పుస్తకాల రిజిస్టర్లో ఒక సంతకం పెట్టండి, చాలు.”

అంకారావు తన నవల పేరు పక్కనే సంతకం పెట్టాడు. ఈ పుస్తకం మీద ఎందరికో సంతకాలు చేసిచ్చిన చెయ్యి, దాన్ని వెనక్కి తీసుకోవడానికి చేసిన సంతకం అదొక్కటే. పుస్తకాన్ని సంచిలో వేసుకుని లేచాడు.

అతను గుమ్మం దాటకముందే ఒక పెద్దావిడ గబగబా లోపలికొచ్చింది. కళ్ళజోడు సర్దుకుంటూ నేరుగా వెనక హాల్లోకి పోయింది. నిమిషం తిరక్కుండానే అక్కణ్ణుంచి కేక వినిపించింది.

“అమ్మాయ్! నా పుస్తకమేదీ?”

“ఏ పుస్తకం, సీతారావమ్మ గారూ?”

“అదేనమ్మా, గిలక చప్పుడు! ఈ కిటికీ పక్క అరలోనే ఉండాలి. ఇంకో రెండు పేజీలైతే ఆ గిలక సంగతి తేలిపోయేది, నిన్న టైమైందని తలుపులేసేస్తివి!”

అంకారావు సంచిలోంచి పుస్తకం తీశాడు. సీతారావమ్మ వచ్చి లాక్కున్నంత పని చేసింది. “ఎవరండీ మీరు? మా పుస్తకాన్ని సంచిలో వేసుకుపోతున్నారు!”

ఆమె పేజీలు తిప్పుతుంటే మధ్యమధ్య వేపాకులు కనిపించాయి. ఒకటి పచ్చగా ఉంది, ఒకటి వాడింది, ఒకటి గలగలా ఎండిపోయింది.

“హమ్మయ్య, ఆకులున్నాయి! పచ్చది నాది. వాడింది శౌరయ్య గారిది. ఈ ఎండింది సామ్రాజ్యానిది, జ్వరమొచ్చి వారం నుంచీ రావట్లేదు పాపం. దెయ్యాల పుస్తకానికి గుర్తుగా వేపాకే పెట్టాలండీ, కాగితం ముక్కలు పెట్టకూడదు.”

అంకారావు గుమ్మం దగ్గర్నుంచి వెనక్కొచ్చి, ఖాళీ సంచి బల్ల మీద పెట్టాడు.

“మీరంతా ఫ్యాను గాలికని ఆ కిటికీ దగ్గర చేరుతున్నారనుకున్నానే!” అంది కరుణశ్రీ. “ఇంతమంది చదువుతూ, ఒక్కరైనా ఇంటికి రాయించుకోలేదేంటండీ?”

సీతారావమ్మ ఆమెను ఎగాదిగా చూసింది.

“ఇంటికా! దీపాలు పెట్టే వేళ దాటాక ఆ పుస్తకాన్ని ఇంట్లో ఉంచుకునే గుండె ఈ తిరువూరులో ఎవరికుందమ్మా?”