ముప్పైమందికీ ఒకే బీమా

కాఫీ తాగితే శనివారం ఉపవాసం చెడుతుందా లేదా అని అరుంధతికీ భర్త నరహరికీ పొద్దున్నే మాటామాటా పెరిగింది.

"కాఫీ తాగావుగా! రెండు ఇడ్లీలు తింటే కొంప మునుగుతుందా?"

"మీకెందుకండీ నా ఇడ్లీల గొడవ?"

ఎందుకేమిటి? కూతురితో కలిసి వాళ్లు వెళ్లబోయే ఈజిప్టు యాత్రకు వచ్చేవాళ్లంతా నెల ముందే, ఒంటి సంగతులు కనిపెట్టే బీమావాళ్ల గాజు చేతికి తొడుక్కోవాలి. ఒక్కరు ఒంటిని అశ్రద్ధ చేసినా బృందమంతటి బీమా రద్దు. అరుంధతి కడుపు ఖాళీ అని గాజు ముప్పైమందికీ చాటేసింది. సోఫా దిగని నరహరికి మాత్రం 'ఆదర్శ యాత్రికుడు' బిరుదిచ్చింది.

బృందంలోవాళ్ల ఫోన్లు మొదలయ్యాయి. "వదినగారూ, పుణ్యం తిరిగొచ్చాక కట్టుకోండి, మా పిరమిడ్లు ముంచకండి!" అంది ఎన్నడూ ముఖం చూడని ఒకావిడ. ఇంకొకాయన అరుంధతి ఇడ్లీ నమిలి మింగేదాకా వీడియో కాల్ కట్టెయ్యలేదు. పిరమిడ్లు చూడాలని బడి రోజుల నుంచీ కలలుగన్నది కనుక ఆమె నోరు మూసుకుని మింగింది.

మర్నాడు భోజనాల దగ్గర, భర్తకూ కూతురికీ వడ్డించి, గాజు తీసి బల్లమీద పెట్టింది.

"నా పేరు తీయించేశాను. మీరిద్దరూ వెళ్లి క్షేమంగా ఆ సమాధులు చూసి రండి. మీరు తిరిగొచ్చేదాకా నాకు ఆకలేస్తే నాకొక్కదానికే తెలుస్తుంది."