కలిపేసిన బ్యాచి

సుందరం సారు స్పోకెన్ ఇంగ్లీషు గది బయట తనూజ చెప్పులు. వాటి పక్కనే మగవాళ్ళ చెప్పులు అయిదు జతలు.

భార్యను తీసుకుపోవడానికి వచ్చిన రాజశేఖర్‌కు అవి చూడగానే కడుపు మండింది.

"ఆడోళ్ళ బ్యాచి అంటివి కదమ్మే?"

"జనం తక్కువని సారు రెండు బ్యాచులూ కలిపేసినాడు."

అంతే. క్లాసు వేళకు తన మోటారు పంపుల షాపు తమ్ముడికి అప్పగించి, మర్నాడే తానూ ఫీజు కట్టి వెనక బెంచీలో కూర్చున్నాడు. ఇంగ్లీషు మీద ప్రేమా? పాడా! ఆ అయిదుగురి మీద కాపలా.

వారం గడిచింది. సారు ఎంత అడిగినా తనూజ నోరు తెరవలేదు.

"మగోళ్ళుంటే ఆడోళ్ళకు నోరు పెగలదప్పా. ముందు శానా బాగా మాట్లాడతాండె" అని సారు దిగులుపడ్డాడు.

రాజశేఖర్ సంతోషం చూడాలి! నా పెళ్ళాం పరాయి మగాడి ముందర నోరెత్తదని మీసం మెలేశాడు.

ఇంట్లోనూ ఆమె ఇంగ్లీషు ఊసెత్తేది కాదు. మొదట్లో ఒకసారి "కాఫీ వాంట్?" అని అడిగింది పాపం. అది షాపులో పదిమందికీ చెప్పి పడీపడీ నవ్వాడు. ఆమె మళ్ళీ అడగలేదు.

ఆ సోమవారం షాపుకు లోడు వచ్చి అతనికి ఆలస్యమైంది. తనూజ ఆటోలో ముందే వెళ్ళింది.

గబగబా మెట్లెక్కుతుంటే లోపలినుంచి ఆమె గొంతు. అంతా తప్పులతడకే, అయినా ఆగడం లేదు.

"కోడుమూర్, మై ఫాదర్ వెల్. వెరీ డీప్. బాయ్స్ ఫియర్. ఐ నో ఫియర్. ఐ జంప్!"

మగవాళ్ళు చప్పట్లు కొట్టారు.

పద్నాలుగేళ్ళ కాపురం. తనూజకు ఈత వచ్చని అతనికి ఇప్పుడే తెలిసింది, ఆ అయిదుగురితోపాటే.

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు.

"జంప్ అండ్..." అంటున్న తనూజ అతన్ని చూసి టక్కున ఆగింది. తల దించుకుని కూర్చుంది.

అయిదుగురు మగవాళ్ళూ అక్కడే ఉన్నారు. కొత్తగా వచ్చింది అతనొక్కడే.

"చెప్పమ్మా, దూకినాక ఏమాయె?" సారు అడిగాడు.

ఆమె నోటుబుక్కు మూసేసింది. సారు రాజశేఖర్ వైపు చూశాడు. అందరూ చూశారు.

"షాపు తాళం మర్చిపోయినా సార్. పోయొస్తా."

కిందికి దిగి, బండి దగ్గర నిలబడి చెవులు రిక్కించాడు.

పైన ఆమె గొంతు మళ్ళీ మొదలైంది. కాసేపటికి గదంతా నవ్వింది.

బావిలో దూకినాక ఏమైందో మాత్రం కిందికి వినపడలేదు.