ఎర్ర పేలిక కోడి

హిందూపురం నుంచి పాస్టరు అయ్యగారు సైకిలు మీద బయల్దేరి, పరిగి దాటి ఈరప్ప ఇంటికే వస్తున్నారని కబురందేసరికి ఆ ఇంట్లో సంగటి, ఊరుబిండి పచ్చడి తప్ప ఇంకేమీ లేవు.

అయ్యగారు ఇంటికొస్తే కోడి కోయాలి. ఆ ఊరి సంఘంలో అది పదకొండో ఆజ్ఞ. ఈరప్పకేమో కోడి కాదు గదా, కోడిపిల్ల కూడా లేదు. పోనీ ఎవరినైనా అడుగుదామా అంటే, నయాపైసలు కొత్తగా వచ్చిన ఆ కరువేడు కూడా ఒకరి ముందు చెయ్యి చాచని మనిషాయె.

"ఏం జేద్దాం? పరువు పోయేట్టుండాది," అని భార్య దాసమ్మతో గొంతెత్తి మొత్తుకున్నాడు.

కాసేపటికి పెరట్లో కొక్కొక్కొ అని వినిపించింది. చూస్తే బలిసిన పెట్ట. మధ్యలో మెడెత్తు మట్టిగోడ. గోడకవతల చౌడక్క ఇల్లు.

ఈరప్ప మొహం చాటంతయింది. "అబ్రాహాముకు పొదలో పొట్టేలు దొరికినట్ల, దేవుడే మనకు కోడిని పంపినాడే!"

"దేవుని కోడికి కాలికి ఎర్ర పేలిక ఎందుకుంటాది? అది చౌడక్క కట్టే గుర్తు," అంది దాసమ్మ.

పేలిక పొయ్యిలోకి పోయింది. కోడి కుండలోకి పోయింది.

అయ్యగారు కంచం ముందు కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ కోడిని పంపిన చేతులను ఆశీర్వదించు," అని ప్రార్థించారు. ఆమెన్ అనాల్సిన చోట ఈరప్ప గరిటెడు ముక్కలు వడ్డించాడు. అయ్యగారు ఎముకలు కూడా వదల్లేదు. ఆదివారం చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ఉందని, మనసులో మచ్చ లేకుండా రమ్మని చెప్పి సైకిలెక్కారు.

అక్కడ మొదలైంది ఈరప్ప అవస్థ. చౌడక్క చర్చి మెట్టెక్కే మనిషి కాదు. ఆమె నోరంటే మాత్రం ఊరంతటికీ హడలు. ఒక్క గుడ్డు పోతే వీధి ఈ చివర నుంచి ఆ చివరకు తిట్టిపోస్తుంది. అలాంటిది పెట్టే పోతే మూడు రోజులైనా పల్లెత్తు మాట లేదు. పైగా ఎదురుపడి, "ఏమప్పా, మీ అయ్యోరు కడుపునిండా తినిపోయినాడా?" అని అడిగింది.

అంతకంటే నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది ఈరప్పకు. బాప్తిస్మం తీసుకున్న నాటినుంచి ఒక్కసారి కూడా బల్ల తప్పలేదు. దొంగకోడి తిన్న నోటితో ఇప్పుడెట్లా పోవడం?

మర్నాడే హిందూపురం పోయాడు. పొద్దంతా బెల్లం మూటలు మోసి, ఆ కూలితో ఒక పెట్టను కొన్నాడు. శనివారం పొద్దున్నే దాన్ని చంకనబెట్టుకుని చౌడక్క గడప ముందు నిలబడ్డాడు.

"అక్కా, నీ కోడిని కోసింది నేనే. దొంగతనమే. దీన్ని తీసుకో. తిట్టు, కొట్టు, నీ ఇష్టం. క్షమించినానని ఒక్కమాట చెప్పు. రేపు బల్లకు పోవల్ల."

చౌడక్క నడుం మీద చేతులు పెట్టుకుని ఎగాదిగా చూసింది.

"అడిగింటే ఇయ్యకుంటినా?"

"ఇస్తావు. అడిగేకి నాకు నోరు రావల్ల గదా."

"నేనే తెచ్చిస్తే తీసుకుంటావా?"

రేపు బల్ల. అబద్ధమాడలేడు. "తీసుకోను," అన్నాడు.

"అట్లా చెప్పు," అని చౌడక్క కోడిని అందుకుంది. కత్తెర తెచ్చి, గట్టు మీద కూర్చుని, దాని రెక్క విప్పి ఈకలు కత్తిరించసాగింది.

"ఏందక్కా, పాపం, కొత్త కోడిని అట్ల జేస్తాండావు?"

"ఎగరకుండా నా కోళ్లన్నిటికీ ఇట్లే కత్తిరిస్తానప్పా," అని చౌడక్క తలెత్తకుండానే నవ్వింది. "ఆ పెట్టక్కూడా కత్తిరించబట్టే సరిపోయె, లేకుంటే ఆపొద్దు గోడ మీంచి నీ పెరట్లోకి ఇడిసేటప్పుడు నా చేతుల్లోంచి ఎగిరిపోయేది కాదా?"